మిగ్-21 బిస్ 1/48: తోక మీద స్మారక చిత్రం, తెల్ల రంగు ఎలా నిలబెట్టాలి?

కొండగాలి:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద ప్రశ్న, ఓపికగా చదవమని మనవి.

మా నాన్నగారు ఒడిశాలోని సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజన్ల కర్మాగారంలో 35 ఏళ్లు పనిచేశారు. మిగ్-21 యుద్ధవిమానం మన దేశంలో తయారైన రోజుల్లో ఆ పనిని మూడు ఊళ్లకు పంచారు. విమానం దేహం నాసిక్ దగ్గర ఓఝర్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో, ఇంజను కోరాపుట్ డివిజన్‌లో, అంటే సునాబెడలో. నాన్నగారు 1968లో సాలూరు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి అక్కడికి వెళ్లారు. మొదట ఆర్-11 ఇంజన్లు, తర్వాత మిగ్-21లో బిస్ అనే రకానికి వాడే ఆర్-25 ఇంజన్లు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. నేను పుట్టి పెరిగింది ఆ క్వార్టర్లలోనే. పరీక్ష కోసం ఇంజను నడిపినప్పుడు కొండల మీదుగా వచ్చే ఆ హోరు వింటూ లెక్కలు చేసుకునేవాణ్ణి.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పినప్పుడు మేమిద్దరం టీవీ ముందు కూర్చున్నాం. 1963లో అదే చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌తో మొదలైన కథ చెప్పారు. 1971 డిసెంబరులో ఢాకా గవర్నర్ భవనం మీద జరిపిన దాడి చెప్పారు. పైలట్ల గురించి చాలా చెప్పారు, చెప్పాల్సిందే. మేము చూసినంతసేపట్లో ఇంజన్లు చేసినవాళ్ల గురించి మాత్రం ఒక్క మాట వినబడలేదు. నాన్నగారు దాని గురించి ఏమీ అనలేదు. చివరి విమానాలు మైదానం మీదుగా వెళ్తుంటే మాత్రం శబ్దం పెంచమన్నారు. కళ్లు మూసుకుని విన్నారు.

వచ్చే కార్తీకంలో ఆయనకు సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. ఆ రోజుకు 1/48, అంటే అసలు విమానంలో 48వ వంతు కొలతల మిగ్-21 బిస్ మోడల్ ఒకటి ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక. ఎడ్వర్డ్ కంపెనీ కిట్ కొన్నాను. ఏ స్క్వాడ్రన్ గుర్తులూ కాకుండా ఇంజను చేసినవాళ్ల పేరిట సొంతంగా ఒక స్మారక రంగు వేయాలనుకుంటున్నాను. నేను గీసుకున్నది ఇది: విమానం మొత్తం లోహపు వెండి రంగు. నిలువు తోక ముదురు నీలం. దాని మీద తెల్లగా, ఇంజనులో గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం ముందు నుంచి చూసినట్టు, పువ్వులా. కింద తెల్ల అక్షరాల్లో 1963–2025, తెలుగులో "కోరాపుట్". వెనుక భాగమంతా ఎరుపు, కాషాయం కలిసిన మంట.

పాత కిట్ ఒకదాని మీద ప్రయత్నించాను. మూడు చోట్ల దెబ్బతిన్నాను.

ఇంట్లో ప్రింటరు మీద వేసిన డీకాల్‌ను, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే పలుచటి బొమ్మను, నీలం మీద అతికిస్తే తెలుపు మాయమైపోయింది, చక్రమంతా నీలంలో కలిసిపోయింది. బయట ఒక షాపులో వేయించిన డీకాల్‌ను నీళ్లలో పెట్టగానే సిరా కరిగి కారిపోయింది. ఇక నీలం రంగు కొట్టిన రోజు విశాఖలో వాన పడుతోంది. ఆరేసరికి పైన పాలపొరలా తెల్లటి మసక కమ్ముకుంది.

నాకు రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ఉంది, దానికి గాలి పంపే చిన్న కంప్రెసర్ ఉంది. రెండేళ్ల అనుభవం. వెండి రంగు మీద ఇంతవరకు చేయి పెట్టలేదు. దయచేసి దారి చూపండి.

సన్నగీత:

కొండగాలి గారూ, మీ మూడు దెబ్బలూ నేను తిన్నవే.

ముందు డీకాల్ సంగతి. ఇంటి ప్రింటర్లలో తెల్ల సిరా ఉండదు. కాగితం తెల్లగా ఉంటుంది కనుక తెలుపు వేయాల్సిన చోట ప్రింటరు ఊరికే వదిలేస్తుంది. పారదర్శకమైన డీకాల్ మీద ఆ వదిలేసిన చోట వెనకాల నీలమే కనబడుతుంది. సిరా కారిపోవడానికి కారణం వేరే. ఇంక్‌జెట్ డీకాల్‌ను నీళ్లలో పెట్టే ముందు దాని మీద పారదర్శకమైన వార్నిష్ రెండు మూడు పలుచటి పూతలు కొట్టి, ఒక రాత్రి ఆరనివ్వాలి. ఆ పని ఎవరూ చేసి ఉండరు. లేజర్ ప్రింటుకు ఈ బెడద తక్కువ.

అందుకే నా సలహా: నీలం మీద తెల్ల బొమ్మను డీకాల్‌తో తేవద్దు, రంగుతోనే తేవాలి. తోక మొత్తానికి ముందు తెలుపు కొట్టండి. బాగా ఆరాక బొమ్మ ఆకారంలో కత్తిరించిన మాస్క్, అంటే రంగు పడకుండా కప్పే టేపు, అంటించండి. దాని అంచుల మీద మళ్లీ ఒక పలుచటి తెల్ల పూత. మాస్క్ కింద ఎక్కడైనా సందు ఉంటే ఆ తెలుపే దూరి సందును మూసేస్తుంది. ఆ తర్వాత నీలం. చేత్తో తాకితే అంటుకోకుండా, ఇంకా పూర్తిగా గట్టిపడకముందే మాస్క్‌ను వెనక్కి మడిచినట్టు మెల్లగా లాగేయండి. గీత కత్తితో కోసినట్టు వస్తుంది. నీలాన్ని ఒకేసారి దట్టంగా కొట్టకండి. మాస్క్ అంచు దగ్గర గట్టు కట్టి, తర్వాత చేతికి తగులుతుంది.

మాస్క్ ఎక్కడ కోయించాలి అంటారేమో. బండ్ల నంబరు ప్లేట్లకు స్టిక్కర్లు వేసే రేడియం షాపుల్లో బొమ్మ ప్రకారం కోసే ప్లాటర్ యంత్రం ఉంటుంది. వాళ్ల వినైల్ మాత్రం వాడకండి. దళసరిగా ఉంటుంది, జిగురు రంగును ఊడబెరుకుతుంది. వెడల్పాటి మాస్కింగ్ టేపు షీటు మీరే తీసుకెళ్లి దాని మీద కోయమనండి. మా ఊళ్లో షాపు అబ్బాయి మొదట వింతగా చూశాడు, ఇప్పుడు నేను వెళ్లగానే బ్లేడు ఒత్తిడి తనే తగ్గిస్తాడు.

కొలతలు మరిచిపోకండి. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, మీ మోడల్ మీద 149 మిల్లీమీటర్లు. నిలువు తోక మీద మీకు దొరికే చోటు అగ్గిపెట్టెకు కాస్త ఎక్కువ. అందులో పువ్వులాంటి చక్రం, ఒక్కో రేకూ సన్నగా, ప్లాటర్ సరిగా కోయదు. కోసినా అంటించేటప్పుడు రేకులు మెలితిరుగుతాయి. తెలుగు అక్షరాల్లో వంపులు ఎక్కువ కనుక ఆరు మిల్లీమీటర్లలోపు మాస్క్‌తో అసలు రావు. అక్షరాల లోపలి సున్నాలు పూడిపోతాయి. అక్షరాలను తోక మీద నుంచి తీసి వెండి రంగు ఉన్న చోటికి మార్చండి. వెండి మీద ముదురు నీలం అక్షరాలైతే మామూలు పారదర్శక డీకాల్ చాలు, తెలుపుతో పనే లేదు.

పాలపొర వానాకాలపు జబ్బు. లాకర్ రంగులోని థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. నిదానంగా ఆరే థిన్నర్ కొద్దిగా కలపండి. కంప్రెసర్ గొట్టానికి తేమ పట్టే సీసా బిగించండి. ఏసీ ఉన్న గదిని గంట ముందు నుంచి పొడిగా ఉంచి అందులో కొట్టండి. వాన రోజు కొట్టవద్దు, అంతే.

వెండి గురించి ఒకటే మాట. తోక రంగు పూర్తయ్యాకే వెండి వేయండి. ముందు వెండి వేసి దాని మీద టేపు అంటిస్తే వెండి టేపుతో లేచి వస్తుంది. తోకను రెండు రోజులు ఆరనిచ్చి, టేపును అరచేతికి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించి, దానితో తోకను కప్పండి. తర్వాత మిగతా ఒంటికి నిగనిగలాడే నలుపు. నలుపులో మీ ముఖం కనబడాలి. ఎక్కడ గీత, వేలిముద్ర, దుమ్ము ఉన్నా వెండి దాన్ని రెట్టింపు చేసి చూపిస్తుంది. నలుపు మీద లోహపు రంగు చాలా పలుచగా, తక్కువ ఒత్తిడితో, నాలుగైదు పూతలు.

ముక్కులో బరువు పెట్టడం మరవకండి. చేపల గాలానికి కట్టే సీసపు గుళ్లు గాలి లోపలికి వెళ్లే శంకువులో సరిపోతాయి. ఒళ్లు అతికించకముందే టేపుతో కట్టి నిలబెట్టి చూడండి.

బూడిదరెక్క:

సన్నగీత గారు చెప్పిన తర్వాత పని గురించి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నేను రూపకల్పన గురించి ఒక మాట చెబుతాను.

వీడ్కోలు రంగుల్లో నాకు ఇష్టమైనది జర్మనీ వారి ఎఫ్-4ఎఫ్ ఫాంటమ్. 2013 జూన్ 29న విట్ముండ్‌లో ఆ విమానాలకు వీడ్కోలు చెప్పినప్పుడు 37+01 నంబరు విమానానికి నీలం వేసి బంగారు రంగు గీతలు దిద్దారు. దూరం నుంచి చూసినా ఒక్క చూపులో అర్థమవుతుంది. క్రొయేషియా వారి మిగ్-21 మీద ఎరుపు తెలుపు గళ్లు కూడా అంతే, ఒకే ఆలోచన. మీ బొమ్మలో చక్రం ఉంది, మంట ఉంది, ఏళ్లు ఉన్నాయి, ఊరి పేరు ఉంది. 149 మిల్లీమీటర్ల రెక్కల విమానం ఇన్ని మోయలేదు. ఒకటి ఉంచి మిగతావి తగ్గించండి. ఏది ఉంచాలో నేను చెప్పలేను, మీ నాన్నగారు చెప్పగలరు.

ఇంకొకటి. చివర్లో ఎగిరినవి బైసన్లు కదా, వాటినే చేయాలా అని మీకు అనుమానం వస్తే, అక్కర్లేదు. బైసన్ కూడా బిస్‌ను ఆధునికీకరించి చేసిందే, ఇంజను అదే ఆర్-25. బైసన్ చేయాలంటే ముందు అద్దం మార్చాలి, యాంటెనాలు కలపాలి, దానికి వేరే భాగాలు కొనాలి. మీ నాన్నగారి చేతుల్లోంచి వెళ్లింది బిస్. బిస్‌గానే ఉంచండి.

పాత ఫిట్టర్:

బాబూ, నేను మోడళ్లు చేయను. మనవడు చేస్తాడు, వాడే ఇది చూపించాడు. నేను వైమానిక దళంలో ఇంజను ఫిట్టరుగా చేశాను, బిస్ మీద చాలా ఏళ్లు. మీ నాన్నగారి ఊరి నుంచి వచ్చిన ఇంజన్లు ఎక్కించడం, దించడం మా పని. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి.

మీ కిట్ తీసి చూడండి. రెక్కలు ముగిసే చోటికి దగ్గరలో ఒంటి చుట్టూ తిరిగే ఒక గీత ఉంటుంది. మామూలు రేకు అతుకు కాదది. అక్కడ బోల్టులు విప్పితే విమానం తోక మొత్తం, నిలువు రెక్కతో సహా, వెనక్కి వచ్చేస్తుంది. ట్రాలీ మీద మెల్లగా లాగుతాం. అప్పుడే ఇంజను వెలుగు చూస్తుంది. మిగ్-21కి ఇంజను మార్చాలంటే విమానాన్ని రెండు ముక్కలు చేయాల్సిందే. చలికాలం తెల్లవారుజామున ఆ బోల్టులు విప్పుతుంటే వేళ్లు కొంకర్లు పోయేవి.

ఇంజను చేసినవాళ్ల కోసం రంగు వేస్తున్నారు కనుక ఆ గీతను వదలకండి. మీరు ఏ రంగు వేసినా అక్కడ మొదలుపెట్టండి, లేదా అక్కడ ఆపండి. తెలిసినవాళ్లు చూడగానే పట్టుకుంటారు.

మంట బొమ్మ నాకు నచ్చలేదు, చెప్పేస్తున్నాను. ఆర్-25 ఆఫ్టర్‌బర్నర్‌లో, అంటే వెనుక గొట్టంలో అదనంగా ఇంధనం మండించినప్పుడు, సుమారు 7,100 కిలోల తోపు ఇస్తుంది. నేలకు దగ్గరగా ఎగిరేటప్పుడు అత్యవసరమైతే కొద్ది నిమిషాల పాటు 9,900 కిలోల దాకా తీసేవారు. అంత వేడి తగిలిన లోహం తన రంగు తానే మార్చుకుంటుంది. గొట్టం చివర గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం, ఒకదాంట్లోకి ఒకటి జారిపోతూ ఉంటాయి. వెనుక భాగాన్ని ఉత్త లోహంగా వదిలి ఆ మరకలు వేయండి. మీ నాన్నగారు దాన్ని గుర్తుపడతారు. గొట్టం లోపల కారు నలుపు పూయకండి. నేను చూసినంతవరకు అది బూడిద, గోధుమ కలిసినట్టు ఎండిపోయిన రంగులో ఉండేది.

కొండగాలి:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వారం రోజులు పట్టింది మళ్లీ రాయడానికి, కారణం చెబుతాను.

పాత ఫిట్టర్ గారు చెప్పిన గీత కిట్‌లో ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు, పుట్టీ పెట్టి పూడ్చేసే ఆలోచనలో కూడా ఉన్నాను. ఆ సంగతి నన్ను చాలాసేపు కుదురుగా కూర్చోనివ్వలేదు.

బూడిదరెక్క గారు అన్నట్టు నాన్నగారినే అడిగాను. ఆశ్చర్యపరచాలన్న ముచ్చట వదులుకున్నాను. నా బొమ్మ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఈ పువ్వు ఏమిటి?" అన్నారు. కంప్రెసర్ ముందు నుంచి చూస్తే కనబడేది అన్నాను. "ముందు నుంచి చూసేది పిట్టలు, పైలట్లు. మేము చూసింది పక్క నుంచి" అని, పంచాంగం వెనుక పెన్సిలుతో గీశారు. ముందు మూడు నిలువు గీతలు. కొంచెం ఎడం. తర్వాత ఐదు గీతలు. మొదటిది అన్నిటికంటే పొడుగు, వెనక్కి వెళ్లేకొద్దీ పొట్టి. ఆర్-25 కంప్రెసర్‌లో తిరిగే రెక్కలు ముందు మూడు వరుసలు, వెనుక ఐదు వరుసలు. గాలి నొక్కుకుంటూ వెళ్లేకొద్దీ దారి ఇరుకవుతుంది, రెక్కలు పొట్టివవుతాయి. ఆర్-11కు వెనుక కూడా మూడే. "ఈ ఎనిమిది గీతలు చూస్తే మావాళ్లు ఎవరైనా చెప్పేస్తారు ఇది ఇరవై ఐదు అని" అన్నారు.

కాబట్టి ఇదీ నిర్ణయం. నీలం తోక మీద తెల్లగా ఎనిమిది గీతలు, మూడు, ఎడం, ఐదు. చక్రం లేదు, మంట లేదు, రేడియం షాపుతో పని లేదు. ఒక మిల్లీమీటరు సన్న టేపు ముక్కలు చాలు. సన్నగీత గారు చెప్పిన క్రమంలో ముందు తెలుపు, తర్వాత టేపు, అంచుకు మళ్లీ తెలుపు, ఆపైన నీలం. పాత కిట్ మీద నిన్న ఎండ కాసిన పూట చేసి చూశాను. టేపు తీస్తుంటే నా భార్య పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది. ఎనిమిదిలో ఏడు గీతలు శుభ్రంగా వచ్చాయి. చివరి పొట్టిది కొద్దిగా చెదిరింది, దాన్ని టేపు మరీ ఆలస్యంగా తీశాను.

నీలం నిలువు రెక్క మీదే ఉంటుంది, ఒంటి మీదికి దిగదు. అతుకు గీత నుంచి వెనుక ఒళ్లంతా ఉత్త లోహం, కొంచెం ముదురు ఛాయలో, వేడి మరకలతో. గీతకు ముందు భాగం లేత వెండి. "కోరాపుట్" అన్న పదం నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున, ముదురు నీలంలో, గీతకు సరిగ్గా వెనుక. అసలు విమానం మీద అది జానెడు ఎత్తు అక్షరం అవుతుంది. 1963–2025 ఒంటి మీద వద్దనుకున్నాను. అది కింద పీట మీద ఉంటుంది.

ఇప్పుడు చివరి ప్రశ్న. నాన్నగారు ఇంజన్ల అసెంబ్లీ షాపులో చివరి పన్నెండేళ్లు తనిఖీ పని చేశారు. చూసిన ప్రతి భాగం కాగితం మీద ఆయన ముద్ర పడేది, చిన్న వృత్తం, లోపల ఆయన అంకె. ఆ అంకె ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతారు. దాన్ని మోడల్ మీద పెట్టాలనుంది. లెక్క వేస్తే రెండు సెంటీమీటర్ల ముద్ర 1/48లో అర మిల్లీమీటరు కూడా రాదు. పెద్దది చేసి పెడితే అబద్ధంలా ఉంటుంది. ఏం చేయమంటారు?

సన్నగీత:

ఒళ్లు రెండు సగాలూ అతికించేశారా?

కొండగాలి:

లేదండీ. గొట్టానికి రంగు వేశాను, కాక్‌పిట్ అయిపోయింది. సగాలు టేపుతో కట్టి ఉన్నాయి.

సన్నగీత:

అయితే అతికించకండి. టేపు విప్పి, ఒక సగం లోపలి వైపు, అతుకు గీతకు వెనకాల, అసలు విమానంలో ఇంజను ఉండే చోట ఆయననే రాయమనండి. అక్కడ కొలత గొడవ లేదు, ఎంత పెద్దదైనా రాయవచ్చు. ప్రైమర్, అంటే తొలి పూత, పలుచగా కొట్టి ఆరనిస్తే పెన్సిలు బాగా పడుతుంది. 2బి పెన్సిలు మంచిది. మార్కర్ పెన్ను వద్దు, జిగురు ఆవిరికి కరిగి పాకుతుంది. రాసిన చోటుకు అతుకు అంచు నుంచి కనీసం ఒక సెంటీమీటరు వదలండి, ద్రవ జిగురు సన్నటి సందుల్లోకి దూరంగా పోతుంది. గొట్టం అడ్డం వస్తే ముందు రాయించి తర్వాత బిగించండి.

పాత ఫిట్టర్:

ఆమె చెప్పింది సరైన చోటు. తేదీ కూడా వేయమనండి బాబూ. ముద్ర పక్కన తేదీ లేకపోతే మేము ఇంజను తీసుకునేవాళ్లం కాదు.

కొండగాలి:

ఆదివారం నాన్నగారు మా ఇంటికి వస్తున్నారు. ప్రైమర్ ఈ రాత్రే కొడతాను, బయట పొడిగా ఉంది. ఫోనులో విషయం చెబితే, పెన్సిలు తనే చెక్కుకుని తెచ్చుకుంటానన్నారు.